రాళ్లు పోయాయి, తిత్తి ఉంది!

1882 జులై 15. బెర్లిన్‌లోని లాజరస్ ఆసుపత్రి. ఆపరేషన్ బల్ల మీద 43 ఏళ్ల మనిషి. పదహారేళ్లుగా పిత్తాశయ రాళ్లతో నరకం చూస్తున్నాడు. నొప్పికి మార్ఫిన్ వాడీవాడీ చివరికి దానికే బానిసయ్యాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

కత్తి పట్టింది కార్ల్ లాంగెన్‌బుక్. అప్పటిదాకా సర్జన్లు చేసిందల్లా పిత్తాశయానికి గాటు పెట్టి రాళ్లు ఏరేయడమే. కొన్నాళ్లకు మళ్లీ రాళ్లు. ఈయన వాదన వేరు: రాళ్లున్నాయని కాదు, రాళ్లను పుట్టిస్తోంది కాబట్టి ఆ తిత్తినే తీసేయాలి. అది లేకపోతే మనిషి బతుకుతాడా? గుర్రానికి లేదు, ఏనుగుకూ లేదు. శవాల మీద సాధన చేసి చేసి, ఆరోజు బతికున్న మనిషికి తీశాడు. ప్రపంచంలో అదే మొదటిది. మర్నాడు చూస్తే పేషెంటుకు జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. తాపీగా చుట్ట కాలుస్తున్నాడు!

రాళ్లు తీస్తే చాలా, తిత్తే తీయాలా అన్న ఆ పేచీ ఇళ్లల్లో ఇప్పటికీ తెగలేదు. హైదరాబాద్ గడ్డిఅన్నారానికే రండి. కింది మొగుడూపెళ్లాల మాటలు ఏ ఒక్క ఇంటివో కావు.

"నోట్లకెల్లి పైపేసి రాళ్లు తీసిండ్రు. కామెర్లు తగ్గినయ్. మళ్లా ఆపరేషన్ ఏందే? పైసలు గుంజనీకి గాకపోతే!"

"డాక్టర్ సాబ్ చెప్పింది ఇన్లేదా? తీసినయి నాళంల రాళ్లు. తిత్తిల ఉన్నయి అట్లనే ఉన్నయట."

ఆమె చెప్పిందే నిజం. కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తాశయంలో నిలవుండి చిక్కబడుతుంది. రాళ్లు ఎక్కువగా కట్టేది అక్కడే. వాటిలో ఒకటి జారి నాళానికి అడ్డం పడితే కళ్లు పచ్చబడతాయి. చలిజ్వరం తోడైతే ప్రాణం మీదికొస్తుంది. పసరు మందు తాగితే కదిలే రాయి కాదది. ఈఆర్‌సీపీ అనే ఆ పైపు పద్ధతిలో ఎండోస్కోప్‌ను చిన్నపేగు దాకా దించి, నాళం మూతిని కాస్త కోసి, తీగబుట్టతోనో బెలూన్‌తోనో రాయిని లాగేస్తారు. 1970లలో జపాన్, జర్మనీ డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. దాంతో దారి తెరుచుకుంటుంది. తిత్తి జోలికి మాత్రం పోదు.

పోనీ, ఆగి చూస్తే? నెదర్లాండ్స్ డాక్టర్లు అదీ చూశారు. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది: ఆగినవాళ్లలో 47 శాతం మందికి పైత్య సంబంధమైన బాధలు తిరగబెట్టాయి. తిత్తి తీయించుకున్నవాళ్లలో 2 శాతం మందికే. అందుకే ఆపరేషన్‌కు తట్టుకోగలిగినవాళ్లను నాళంలో రాళ్లు తీసిన రెండు వారాల్లోపు లాపరోస్కోపీతో తిత్తి తీయించుకోమంటారు. మత్తుకు తట్టుకోలేని పెద్ద వయసువాళ్ల సంగతి డాక్టర్లు విడిగా తేలుస్తారు.

"తిత్తి తీసేస్తే తిన్నది ఎట్ల అరుగుతది?"

"పైత్యం చేసేది కాలేయమట. తిత్తి లేకుంటే సీదా పేగులకే దిగుతదట."

కొందరికి కొన్నాళ్లు విరేచనాలు కావచ్చు, నూనె వంటలు పడకపోవచ్చు. చాలామందికి క్రమంగా సర్దుకుంటుంది. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు. చాలామంది ఒకట్రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తారు.

ఆయన కాసేపు గొణిగాడు. ఆపైన ఫైలు ఆమె చేతికిచ్చాడు.

"అయితే తారీఖు రాయించుకొని రా మరి."