ఏడేళ్ళ లెక్క

ఇంట్లో చిన్నపిల్లలు పక్కనుంటే కాస్త సౌండు తగ్గించుకోండి. ఈ పూట చెప్పబోయేది కొంచెం బరువైన సంగతి. ఈ దేశంలో కనబడకుండా పోయినవాళ్ళ గురించి, వాళ్ళ కోసం ఇంకా వెతుకుతున్న ఇంటివాళ్ళ గురించి.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు పని మీద నేను యార్క్‌లో ఏడాది పైగా ఉన్నాను. సోమవారం తెల్లారుజామునే రైలెక్కడం, గురువారం రాత్రికి ఇల్లు చేరడం. కన్సల్టెంట్ల బతుకు మీకు తెలిసిందేగా! అక్కడ ఒక కొట్టు అద్దానికి ఎండకి వెలిసిపోయిన ఒక పోస్టరు అంటించి ఉండేది. రోజూ చూస్తున్నా పట్టించుకోలేదు. ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ ఆవిడెవరని అడిగితే ఒక్క క్షణం అందరూ మాటలాపేశారు. ఆ ఊళ్ళో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. క్లాడియా లారెన్స్.

వయసు 35. యార్క్ యూనివర్సిటీలో వంటపని చేసేది. 2009 మార్చి 18 సాయంత్రం అమ్మతోనూ నాన్నతోనూ విడివిడిగా ఫోన్లో మాట్లాడింది. మర్నాడు పొద్దున్న ఆరింటికి డ్యూటీ. కారు రిపేరుకిచ్చి ఉండడంతో నడిచే వెళ్ళాలి. డ్యూటీకి రాలేదు. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డులు ఇంట్లోనే ఉన్నాయి. ఫోనూ, భుజాన వేసుకునే సంచీ లేవు. అంతే. పోలీసులు దాన్ని హత్య కేసుగానే చూస్తున్నారు. కొందరిని అరెస్టు చేసి వదిలేశారు. 2021లో యార్క్ బయట సాండ్ హటన్ దగ్గర నీళ్ళు నిండిన కంకర గోతులు కూడా గాలించారు. ఈ రోజుకీ ఆమె ఏమైందో తేలలేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నదాని జోలికి నేను పోను. దాని మీద టీవీ వాళ్ళు గంటలు గంటలు మాట్లాడారు. నా మనసులో నాటుకుపోయింది వేరే విషయం. ఆమె ఇల్లు. ఇంటి లోను ప్రతి నెలా కట్టాలి, ఇన్సూరెన్సు కట్టాలి. తండ్రి పీటర్ లారెన్స్ బ్యాంకుకి వెళ్తే, ఖాతాదారుతో తప్ప మరొకరితో మాట్లాడం అనే నియమం అడ్డొస్తుంది. ఆయన స్వయానా సొలిసిటరు. కూతురు చనిపోయిందని చెబితే దానికో దారి ఉంది. బతికుందంటే ఆమే వచ్చి సంతకం పెట్టాలి. రెండూ చెప్పలేని తండ్రికి చట్టంలో చోటు లేదు.

ఇది వినగానే నాకు మా పెద్ద మామ్మ గుర్తొచ్చింది. మా మామ్మకి అక్క. మాది శ్రీకాకుళం జిల్లా. ఆ రోజుల్లో మా వైపునుంచి రంగం పోవడమంటే ఇప్పుడు మనం ఇక్కడికొచ్చినంత మామూలు. రంగం అంటే రంగూన్, బర్మా. మా పెద్ద తాత విశాఖపట్నంలో ఓడెక్కి అక్కడ బియ్యం మిల్లులో పనికి పోయాడు. 1941 చివర్లో ఒక మనియార్డరు వచ్చింది. ఆ డిసెంబరులోనే రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో నాలుగైదు లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టుకు నడిచి ఇండియా వైపు వచ్చారు. దారిలో కలరాకీ ఆకలికీ పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా ఊరికి తిరిగొచ్చినవాళ్ళలో మా పెద్ద తాత లేడు. చూశామన్నవాళ్ళూ లేరు.

అప్పటికి ఆవిడకి పద్ధెనిమిదేళ్ళు. పన్నెండేళ్ళు ఎదురుచూసి, దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసేసే ఆచారం మనలో ఉంది కదా. పురోహితుడొచ్చి ఆ మాటెత్తితే ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుందట. 2003లో పోయేదాకా బొట్టు తియ్యలేదు. అందుకు ఆడవాళ్ళే వెనకాల ఎన్ని మాటలన్నారో మా మామ్మ చెప్పేది. ఎకరంన్నర పొలం ఆయన పేరునే ఉండిపోయింది. అమ్మడానికి లేదు, లోను తీసుకోవడానికి లేదు. ఒక ఆఫీసులో గుమస్తా అడిగాడట, "అమ్మా, ఉన్నాడని రాయనా, లేడని రాయనా?" అని. మా డేటాబేసుల్లో 'నల్' అని ఒకటుంటుంది. సున్నా కాదు, ఖాళీ కాదు, తెలియదు అని దానర్థం. ఆ గుమస్తా కాగితంలో ఆ గడి లేదు, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు!

మరి ఈ గడి లేని కాగితం ఎక్కడ పుట్టిందని వెతికితే తిరిగి తిరిగి ఈ దేశానికే వచ్చాను. ఏడేళ్ళు అయిపూ అజూ లేకపోతే చనిపోయినట్టు అనుకోవడం ఇంగ్లండులో పాత లెక్క. 1604లో మొదటి జేమ్సు రాజు కాలంలో, భార్యో భర్తో సముద్రం దాటి ఏడేళ్ళు రాకపోతే మళ్ళీ పెళ్ళి చేసుకున్నవారిని శిక్షించకూడదన్నారు. 1666లో ఇంకో చట్టం వచ్చింది. అప్పట్లో ఫలానా మనిషి బతికున్నంతకాలం అని భూమి కౌలుకిచ్చేవారు. ఆ ఫలానా మనిషి ఓడెక్కి పోయి జాడ లేకపోతే భూమి యజమాని చేతికి ఎప్పటికీ రాదు. అందుకని ఏడేళ్ళు చూసి పోయినట్టే లెక్కెయ్యమన్నారు. చూశారా, ఆ లెక్క భూస్వామి కోసం రాసుకున్నది. ఎదురుచూసే తల్లి ఊసు అందులో లేదు. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ మన దేశానికి సాక్ష్య చట్టం రాసినప్పుడు 108వ సెక్షనులో ఇదే ఏడేళ్ళు పెట్టాడు. 2024 జులైలో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది కానీ ఏడేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇక్కడి ఆడవాళ్ళు మాత్రం ఆ లెక్కకి తలవంచారా? లేడీ జేన్ ఫ్రాంక్లిన్ కథ వినండి. ఈవిడ భర్త సర్ జాన్ ఫ్రాంక్లిన్ 1845 మేలో రెండు ఓడలతో ఉత్తర ధ్రువం వైపు సముద్ర మార్గం వెతకడానికి బయల్దేరాడు. మొత్తం 129 మంది మంచులో కనబడకుండా పోయారు. 1854లో నౌకాదళం వాళ్ళు మార్చి 31తో వీళ్ళందరి పేర్లూ జీతాల పట్టీలోంచి కొట్టేసి చనిపోయినట్టు రాసుకుంటామని ప్రకటించారు. వితంతు పింఛను తీసుకోమన్నారు. ఆవిడ అక్కర్లేదంది. అంతవరకూ కట్టుకుంటున్న నల్లబట్టలు తీసేసి రంగు బట్టలు వేసుకుంది! ఇది చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. మా పెద్ద మామ్మ బొట్టు, ఈ దొరసాని రంగు బట్టలు.

ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఆవిడ సొంత డబ్బూ చందాలూ పోగుచేసి ఫాక్స్ అనే చిన్న ఓడని పంపింది. 1859లో ఆ బృందానికి ఒక రాళ్ళ గుట్టలో ఒకే ఒక్క కాగితం దొరికింది. ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11నే పోయాడని అందులో ఉంది. అంటే నౌకాదళం పేరు కొట్టేసే నాటికి సరిగ్గా ఏడేళ్ళు కావస్తోంది. లెక్క ప్రకారం వాళ్ళదే రైటు. అయినా ఆవిడ వినకపోబట్టే ఏం జరిగిందో లోకానికి తెలిసింది. ఆ రెండు ఓడలూ సముద్రం అడుగున 2014లో ఒకటీ, 2016లో ఒకటీ బయటపడ్డాయి. 2021లోనూ 2024లోనూ అక్కడి ఎముకలకీ ఇప్పటి వారసులకీ డీఎన్ఏ పోల్చి ఇద్దరిని పేరుతో గుర్తుపట్టారు. నూట డెబ్బై ఏళ్ళు దాటాక!

మనకి జంగిల్ బుక్ రాసిన కిప్లింగ్ తెలుసు. ఆయన కొడుకు జాన్‌కి చూపు సరిగా లేక సైన్యంలోకి తీసుకోకపోతే, తండ్రే పలుకుబడి ఉపయోగించి చేర్పించాడు. 1915 సెప్టెంబరులో ఫ్రాన్సులో లూస్ దగ్గర పద్ధెనిమిదేళ్ళకే ఆ కుర్రవాడు కనబడకుండా పోయాడు. ఆ తండ్రి గాయపడి వచ్చిన సైనికుల్ని ఒక్కొక్కరినీ కలిసి మా అబ్బాయిని చూశారా అని అడుగుతూ ఏళ్ళ తరబడి తిరిగాడు. పేరు తెలియని సైనికుల సమాధుల మీద చెక్కే మాట ఎంచి ఇచ్చింది కూడా ఆయనే. 1936లో ఆయన పోయాడు. ఇదీ జాన్ సమాధి అని 1992లో గానీ ప్రకటించలేదు. అది కూడా కాదన్న పండితులున్నారు.

ఇక మన కాలానికి వద్దాం. 1986 జులై 28న లండన్ ఫుల్హమ్‌లో సుజీ లాంప్లూ అనే పాతికేళ్ళ అమ్మాయి, ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో ఉద్యోగి, ఎవరికో ఇల్లు చూపించడానికి మధ్యాహ్నం వెళ్ళి తిరిగి రాలేదు. డైరీలో రాసుకున్న పేరు మిస్టర్ కిప్పర్. అతనెవరో తేలలేదు. ఏడేళ్ళ తర్వాత చనిపోయినట్టు ప్రకటించారు. 2002లో పోలీసులు ఒక నిందితుడి పేరు బయటపెట్టారు కానీ ఈ కేసులో విచారణ జరగలేదు, అతను 2024లో జైల్లోనే పోయాడు. అయితే సుజీ తల్లి డయానా ఆ ఏడాది డిసెంబరుకే కూతురి పేరిట ట్రస్టు పెట్టింది. ఒంటరిగా పనిమీద వెళ్ళే ఉద్యోగుల భద్రత గురించి ఈ దేశంలో కంపెనీలు ఆలోచించడంలో ఆవిడ పాత్ర చాలా ఉంది. క్లయింటు దగ్గరికి ఒక్కరే వెళ్తుంటే ఎక్కడికి, ఎవరిని కలవడానికి అని ఆఫీసులో రాసి వెళ్ళమంటారు చూడండి. నేను అది నింపినప్పుడల్లా ఆ డైరీ గుర్తొస్తుంది.

ఆ రోజుల్లోనే మేరీ యాస్‌ప్రే, జానెట్ న్యూమన్ అనే అక్కచెల్లెళ్ళు తప్పిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళకి ఫోన్లో సాయం చెయ్యడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో అది జాతీయ సంస్థ అయింది. ఇప్పుడు దాని పేరు మిస్సింగ్ పీపుల్.

ఆండ్రూ గోస్డెన్ గురించి చెప్పకుండా ఉండలేను. డాన్‌కాస్టర్ కుర్రాడు, పద్నాలుగేళ్ళు, చదువులో చురుకు. 2007 సెప్టెంబరు 14న బడికని బయల్దేరి, బ్యాంకులోంచి 200 పౌండ్లు తీసి, లండన్‌కి ఒకవైపు టికెట్టు కొన్నాడు. కింగ్స్ క్రాస్ స్టేషను కెమెరాలో కనిపించాడు. ఆ తర్వాత జాడ లేదు. నేనా స్టేషనులో దిగినప్పుడల్లా ఒకసారి పైకి చూస్తాను. 2021లో ఇద్దరిని అరెస్టు చేసి, 2023లో వాళ్ళకి సంబంధం లేదని వదిలేశారు. వాళ్ళ నాన్న కెవిన్ ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

ఇన్ని జరిగినా ఇంగ్లండులో 2014 దాకా మనిషి పోయినట్టు ప్రకటించడానికి ఒకే పద్ధతంటూ లేదు. స్కాట్లండులో 1977 నుంచే ఉంది. పెళ్ళికో దారి, ఆస్తికో దారి. 1995లో కనబడకుండా పోయిన సంగీతకారుడు రిచీ ఎడ్వర్డ్స్ చెల్లెలు లాంటివాళ్ళు పార్లమెంటు చుట్టూ తిరగ్గా తిరగ్గా 2013లో చట్టమైంది. తమాషా ఏమిటంటే, 1974లో పారిపోయిన లార్డ్ లూకన్‌కి 2016లో మరణ ధృవీకరణ పత్రం వచ్చింది ఈ చట్టం కిందే. కొడుక్కి బిరుదు దక్కింది.

పీటర్ లారెన్స్‌కి మాత్రం అది చాలలేదు. ఆయనకి కూతురు పోయిందన్న కాగితం వద్దు. ఆమె తిరిగొస్తే తాళం తీసుకుని లోపలికి వెళ్ళడానికి ఇల్లుండాలి. దానికోసం మళ్ళీ ఏళ్ళపాటు కమిటీల ముందు కూర్చున్నాడు. ఎంపీ కెవిన్ హోలిన్‌రేక్ బిల్లు పెట్టగా 2017 ఏప్రిల్‌లో అది చట్టమైంది. అందరూ దాన్ని క్లాడియా చట్టం అంటారు. 2019 జులై 31 నుంచి అమల్లోకొచ్చింది. ఇంగ్లండు, వేల్సుల్లో మనిషి కనబడకుండా 90 రోజులు దాటితే దగ్గరివాళ్ళు హైకోర్టుకి వెళ్ళి సంరక్షకులుగా ఉండడానికి అనుమతి అడగొచ్చు. ఒకసారికి నాలుగేళ్ళ వరకూ ఇస్తారు, మళ్ళీ అడగొచ్చు. లోను కట్టొచ్చు, బిల్లులు చూసుకోవచ్చు, అన్నీ ఆ మనిషి మేలుకోసమే చెయ్యాలి. మనిషి ఉన్నాడా లేడా అని ఎవరూ అడగరు. 1666 నుంచి చూస్తే ఈ గడి రావడానికి మూడొందల యాభై ఏళ్ళు పట్టింది.

పీటర్ లారెన్స్ 2021 ఫిబ్రవరిలో పోయాడు. కూతురి సంగతి తెలియకుండానే. తల్లి జోన్ ఇంకా అడుగుతూనే ఉంది.

మనవాళ్ళకి పనికొచ్చే రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఈ దేశంలో ఏటా సుమారు లక్షా డెబ్బై వేలమంది కనబడటం లేదని పోలీసులకి తెలుస్తుంది, వాళ్ళలో చాలా ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లోనే దొరుకుతారు. ఇరవై నాలుగ్గంటలు ఆగాకే ఫిర్యాదు చెయ్యాలని మనలో చాలామంది అనుకుంటారు. అలాంటి నియమం ఏదీ లేదు. మీ ఇంట్లో అద్దెకున్న స్టూడెంటు ఫోను ఎత్తకపోయినా, గదికి రాకపోయినా, అనుమానమనిపించిన గంటలోనే 101కి చెయ్యండి, ప్రమాదమనిపిస్తే 999. అక్కడ ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఇక్కడ ఎవరిని అడగాలో తెలియదు. వాళ్ళ తరఫున మనమే అడగాలి. మిస్సింగ్ పీపుల్ వాళ్ళ నంబరు 116 000, దానికి డబ్బులు పడవు.

మొన్న ఆదివారం ఈ మాటలన్నీ రాసుకుని నాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "ఆ పొలం పాస్‌బుక్కులో ఇప్పటికీ పెదనాన్న పేరే ఉందిరా" అన్నారు. మారుద్దామా అని అడిగాను. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు చూద్దాంలే అన్నారు.

ఉంటానండీ.