కుదురులేని చేతులు



1986లో ఆరవ తరగతికి తెలుగు చెబుతున్న రోజులవి. ముత్యాలకోవ వంటి దస్తూరి గల ఒక బాలిక చూచివ్రాత ఉన్నట్టుండి కోడి కెలికినట్లు తయారయింది. కలం జారవిడిచేది, మోము చిట్లించేది. మందలిస్తే నవ్వేది, మరుక్షణమే వెక్కివెక్కి ఏడ్చేది. వెక్కిరింత అనుకొని బల్ల మీద నిలబెట్టాను. నిలవలేక తూలింది. తరగతి అంతా గొల్లుమంది. పది దినాల తరువాత ఆమె తండ్రి వచ్చి, "పట్నంలో చూపించామండి మేష్టారూ, కీళ్ళవాత జ్వరం తాలూకు జబ్బంట" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

దాని పేరు సిడెన్‌హామ్ కోరియా. గ్రీకులో ఆ మాటకు నాట్యమని అర్థం. దాని చరిత్ర చదివిన కొద్దీ నా తప్పు ఎంత పాతదో తెలిసివచ్చింది.

1518లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో జనం రోజుల తరబడి ఆగక చిందులు వేశారు. వారిని సెయింట్ వైటస్ గుడికి తీసుకొనిపోయారు. అటువంటి సామూహికోన్మాదానికి అంటిన 'వైటస్ నాట్యం' అనే పేరునే, 1686లో లండన్ వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పిల్లలలో తాను చూచిన వేరొక వ్యాధికి వాడాడు. కాలు ఈడ్వడం, చేయి క్షణమైనా నిలవకపోవడం, పాత్ర నోటికి చేరేలోపు విదూషకునిలా వంకరలు పోవడం అన్నీ వ్రాశాడు. చూచేవారిని నవ్వించడానికే చేస్తున్నట్లు ఉంటుందనీ గమనించాడు. చికిత్స మాత్రం రక్తం తీయడం, విరేచనాలు చేయించడం!

పందొమ్మిదో శతాబ్దంలో కీళ్ళవాతంతోనూ, గుండెజబ్బుతోనూ దీనికున్న చుట్టరికాన్ని వైద్యులు గుర్తించారు. అయినా 'పిల్ల జడుసుకొంది' అన్న కారణం చాలాకాలం వైద్యగ్రంథాలలో నిలిచింది. నేడు తెలిసినది వేరు. స్ట్రెప్టోకాకస్ క్రిమి గొంతులో చేరిన కొన్ని వారాలకో నెలలకో, దానితో పోరాడవలసిన ప్రతిరక్షకాలు పొరబాటున మెదడులో కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియాపై పడతాయి. ఆ భాగానికి మనోభావాలతోనూ సంబంధం ఉంది. అందువల్లనే చేతులు వణకడానికి ముందే చిరాకు, అకారణ రోదనం, ధ్యాస నిలవకపోవడం కనిపించవచ్చు. 1989లో అమెరికాలో సూసన్ స్వీడో బృందం, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయించే నిర్బంధ లక్షణాలను సైతం ఈ పిల్లలలో గుర్తించింది.

అనగా ఆ నవ్వూ, ఆ ఏడుపూ స్వభావదోషాలు కావు, వ్యాధిలో భాగాలు. వాటికి నేను చేర్చినది అవమానం. అది ఏ క్రిమీ ఇచ్చినది కాదు.

కొన్ని నెలలకు చేతులు కుదుటపడి ఆమె బడికి వచ్చింది. గుండెకు ముప్పు రాకుండా పెన్సిలిన్ సూదులు మాత్రం మూడు నాలుగు వారాలకొకసారి తప్పలేదు. అక్షరాలు మళ్ళీ ముత్యాలయ్యాయి. కానీ నేను పేరు పిలిస్తే, బల్ల అంచు గట్టిగా పట్టుకొని లేచేది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. చక్కగా వ్రాసే బిడ్డ అకస్మాత్తుగా చెడ వ్రాస్తే, బెత్తం వెదకకండి. ఈమధ్య గొంతునొప్పి గానీ జ్వరం గానీ వచ్చిందా అని ముందు అడగండి.