బుర్రకథలో ఎత్తుగడ

అచ్చయిన బుర్రకథ పుస్తకం తెరిస్తే మొదటి పుటలోనే మాట మొదలవుతుంది. ప్రదర్శనలో అట్లా జరగదు. కథకుని తంబురా, చేతి అందెలు, కాలి గజ్జెలు, ఇరుపక్కల వంతల గుమ్మెటలు కొంతసేపు మాటతో నిమిత్తం లేకుండా మోగుతాయి. ఆ మోతలోంచి ప్రార్థన వస్తుంది. ఆ పిమ్మట కథ జరిగిన చోటు, కాలం. ఈ మొత్తాన్ని నేను ఎత్తుగడ అంటున్నాను. మన విమర్శ ఇతివృత్తాన్ని పట్టుకొని వాదించింది గాని ఎత్తుగడను పెద్దగా పట్టించుకోలేదు. కథ పురోగామియా, తిరోగామియా అని తర్కించడానికి ముందు, జనం కూర్చున్నారా లేదా అని అడగవలసి ఉన్నది.

గుంటూరు ప్రాంతంలో సాహిత్యం బోధించేవాడిగా నేనీ ప్రశ్నను దాటిపోలేను. ఆధునిక బుర్రకథకు రూపు దిద్దిన షేక్ నాజర్ 1920లో ఈ జిల్లాలోని పొన్నెకల్లులోనే పుట్టాడు. దూదేకడం కులవృత్తిగా గల సమాజంలోంచి వచ్చిన మనిషి. ఆ కులం పేరును తిట్టుగా వాడుకొనే లోకం ముందు, తన ఆత్మకథకు ‘పింజారి’ అనే పేరు పెట్టి నిలబడ్డాడు.

నాజర్‌కు పూర్వం ఈ కళ జంగం కథగా, తందాన కథగా ఉండేది. భక్తి, వీరగాథలు దాని సొత్తు. పాతకాలపు వీరగాథా గాయకునికి జనాన్ని పోగుచేసే బాధ అంతగా లేదు. కారెంపూడిలో వీరుల ఉత్సవాన్ని తీసుకోండి. పల్నాటి వీరుల కథ వినడానికి జనాన్ని ఆచారమే తెచ్చి కూర్చోబెడుతుంది. ప్రజానాట్యమండలికి ఆ వెసులుబాటు లేదు. పగలంతా మిరపకాయ కోసి, పత్తి తీసి, చీకటి పడ్డాక ఒకరొకరుగా వచ్చే కూలీలు దాని శ్రోతలు. కథ వినకపోతే వారికి పాపమేమీ చుట్టుకోదు. అటువంటివారికి 1943 నాటి బెంగాల్ కరువును గురించి చెప్పాలి. పల్నాటి రైతుకు బెంగాల్ ఎక్కడ! ఆ దూరం ఉపన్యాసంతో తరిగేది కాదు. గుమ్మెట సగం తగ్గించింది. మిగిలిన సగం కథకుడు చూసుకొన్నాడు.

ఎత్తుగడ చేసేది జనాన్ని పిలవడం ఒక్కటే కాదు, తర్ఫీదు కూడా. కథకుడు ముందుకు నడిచి వెనక్కు వస్తుంటే, హాస్యం పలికే కుడి వంత, రాజకీయం పలికే ఎడమ వంత అతని మాటకు ఊ కొడతారు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నిలదీయాలో శ్రోత అక్కడే నేర్చుకొంటాడు. జనం పలచగా ఉంటే మోతను సాగదీస్తారు, చిక్కగా ఉంటే కుదిస్తారు. ఇది పుస్తకానికి ఎక్కే విద్య కాదు.

అమెరికా నల్లవారి సోల్, ఫంక్ పాటల్లోనూ ఎత్తుగడకు ఇటువంటి గౌరవమే ఉన్నది. టెంప్టేషన్స్ బృందం 1972లో పాడిన ‘పాపా వాజ్ ఎ రోలిన్ స్టోన్’ పెద్ద రూపం దాదాపు 12 నిమిషాలు. గొంతు వినిపించేసరికే 4 నిమిషాలు కావస్తుంది. అంతవరకు బేస్ గిటారు ఆ కొద్ది స్వరాలనే తిప్పి తిప్పి పలుకుతుంటే మిగిలిన వాద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. బాల్యంలో పత్తి ఏరిన జేమ్స్ బ్రౌన్ 1960లలో తాళపు మొదటి దెబ్బ మీదనే వాద్యాలన్నిటినీ నిలబెట్టి ఫంక్‌కు దారి వేశాడు. అయితే రికార్డు మీద ఆ 4 నిమిషాలు ఎప్పుడు విన్నా 4 నిమిషాలే. మన వంతకు ఊరూరా కొలత మారుతుంది. పోలిక అంతవరకే.

అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943లో తెనాలిలో జరిగింది. ప్రజానాట్యమండలి పుట్టినదీ ఆ ఏడే. రచయితలం పుస్తకాన్ని మన వాటాగా తీసుకొని మోతను కళాకారులకు వదిలేశాం. పాలకులు అట్లా విడదీయలేదు. మద్రాసులో బ్రిటిషు ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. గుమ్మెట చప్పుడుకు జనం గుమికూడడమే వారి భయం. ఈ విషయంలో వారు మనకన్న మంచి విమర్శకులని ఒప్పుకోక తప్పదు.

తరువాత బుర్రకథ రేడియోకు ఎక్కింది, ప్రభుత్వ పథకాల ప్రచారానికీ వచ్చింది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో ఆయన కన్నుమూశాడు. రేడియోలో కొలత గడియారానిది. అక్కడ ఎత్తుగడ గుర్తుచప్పుడు మాత్రంగా మిగిలింది.

నా విద్యార్థులు పల్లెలకు వెళ్ళి వృద్ధ కళాకారుల్ని ఫోనులో రికార్డు చేస్తున్నారు. మెచ్చదగిన పనే. కాని మాట మొదలయ్యాకనే మీట నొక్కుతున్నారు. గుమ్మెటలు సరిచూసుకొంటున్నప్పటి నుంచే నొక్కమని చెప్పాను. ఆ వృద్ధులు, మొదట ఏమి వాయించమంటారని అడగరు. ఎంతమంది వచ్చారని అడుగుతారు.