నవ్వుల బజారులో కూలి ప్రశ్న

1979 వసంతంలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో హాస్యగాళ్లు సమ్మె చేశారు. ఈ మాట వింటే కొందరికి నవ్వు రావచ్చు. నవ్వించేవాడిది కూడా ఒక పనేనా అన్న ఆ భావమే యాజమాన్యానికి పెద్ద అండగా వుండింది.

సన్‌సెట్ వీధిలోని కామెడీ స్టోర్ 1972లో ఆరంభమైంది. అంతకుముందు ఆ భవనంలో సినిమా తారలు కూడే సైరోస్ అనే నైట్‌క్లబ్బు వుండేది. శామీ షోర్, రూడీ డెలూకాలు స్థాపించిన ఈ హాస్యశాల కొద్దికాలానికే శామీ విడాకుల ఒప్పందం ద్వారా మిట్జీ షోర్ చేతికి వచ్చింది. ఆ 1972లోనే జానీ కార్సన్ తన టెలివిజన్ కార్యక్రమాన్ని న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు మార్చాడు. అందులో అయిదారు నిమిషాలు కనబడితే జీవితం మారిపోతుందన్న ఆశతో దేశం నలుమూలల నుంచి యువకులు వచ్చిపడ్డారు.

అక్కడ ఒక రాత్రి ఎలా గడిచేదో చూద్దాం. ప్రేక్షకుడు టిక్కెట్టు కొని, చీకటి గదిలో బల్ల ముందు కూర్చుని, పానీయం తెప్పించుకునేవాడు. ఒకరి తరవాత ఒకరుగా హాస్యగాళ్లు మైకు ముందుకు వచ్చేవారు. ఇక్కడ వంతు ముగించుకున్నవాడు మెల్రోజ్ వీధిలోని ఇంప్రావ్ క్లబ్బుకు పరుగెత్తేవాడు. అర్ధరాత్రి దాటాక వంతు వచ్చినవాడికి ఖాళీ కుర్చీలే శ్రోతలు. పానీయం అందించిన అమ్మాయికి జీతముంది. కారు నిలిపి పెట్టినవాడికి జీతముంది. ఎవరికోసం జనం వచ్చారో వాడికి మాత్రం ఒక్క డాలరూ లేదు!

ఇది కళాశాల, ఇక్కడ నేర్చుకుంటున్నారు, జీతమెందుకు అన్నది మిట్జీ షోర్ వాదన. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. రిచర్డ్ ప్రయర్ వంటి మహా నటుడు తన ప్రదర్శనలకు పదును పెట్టుకున్నది ఆ వేదిక మీదనే. రచయిత తన గదిలో కూర్చుని రాసి కొట్టివేసుకోగలడు. హాస్యగాడికి ఆ వీలు లేదు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏది తీసివేయాలో ఎదుటి జనం నవ్వితేనే, నవ్వకపోతేనే తెలుస్తుంది. జనమే అతని సానరాయి. ఆ రాయి వున్న గది మరొకరి సొత్తు. అసలు చిక్కంతా అక్కడే వుంది. విద్యార్థుల అభ్యాసాన్ని టిక్కెట్టు పెట్టి అమ్ముకునే కళాశాలను ఏమనాలి? అచ్చయిన పత్రిక ఒక ప్రతి చేతికి వస్తే అదే పారితోషికమనుకునే మన రచయితలకు ఈ వాదన కొత్తగా తోచదనుకుంటాను.

సమ్మెకు ముందు నిలిచిన టామ్ డ్రీసెన్ అప్పటికే టెలివిజన్‌లో స్థిరపడినవాడు. ఆ కూలి లేకున్నా అతనికి గడిచేది. జే లెనో, డేవిడ్ లెటర్‌మాన్ కూడా సమ్మెదారుల పక్షాన నిలిచారు. గ్యారీ షాండ్లింగ్ వంటి కొందరు పికెటింగును దాటి లోపలికి వెళ్లారు. వాళ్లను ద్రోహులని ఒక్క మాటలో తేల్చడం సులభమే గాని, ఒక్క రాత్రి వంతు పోతే భవిష్యత్తే పోతుందన్న భయం అక్కడ అందరిలోనూ వుంది.

సుమారు ఆరు వారాల తరవాత, మే నెలలో, ఒక్కో ప్రదర్శనకు 25 డాలర్లు యివ్వడానికి ఒప్పందం కుదిరింది. మొత్తం చిన్నదే; కాని హాస్యం చెప్పటం కూలికి అర్హమైన పని అని యజమాని చేత ఒప్పించింది. ఐతే ఎవరికి ఏ రాత్రి, ఏ వేళ వంతు యివ్వాలన్న అధికారం మాత్రం ఆమె చేతిలోనే మిగిలింది. సమ్మెలో పాల్గొన్న తమకు వంతులు రావడం లేదని కొందరు వాపోయారు. వారిలో స్టీవ్ లుబెట్కిన్ ఒకడు. జూన్ 1న అతను ఆత్మహత్య చేసుకున్నాడు. తానొకప్పుడు కామెడీ స్టోర్‌లో పనిచేసేవాడినని చీటీలో రాసిపెట్టాడు. పనిచేసేవాడినన్న ఆ మాటనే యాజమాన్యం అంతకాలమూ ఒప్పుకోలేదు.

ఆనాడు ఆ సమ్మె వార్తలు రాసిన విలేకరి విలియం నోడెల్‌సెడర్ 2009లో ఆ చరిత్రను పుస్తకంగా తెచ్చాడు. అందులో పేరుపొందిన తారల నడుమ లుబెట్కిన్ కథ కూడా వుంది.