టీ నగర్‌లో ఒక రోజు పనులు, దారి పొడుగునా పేర్లు

మదరాసు తెలుగిళ్లలో పెళ్లి కుదిరిందంటే ముందు రాసుకునేది టీ నగర్ పనుల పట్టీ. పట్టుచీరలు, మంగళసూత్రం, స్టీలు సామాన్లు, పసుపు కుంకుమ, చివర్లో దేవస్థానంలో ఒక దండం. పొద్దున్నే మాంబళం స్టేషన్లో దిగితే రంగనాథన్ వీధి, ఉస్మాన్ రోడ్డు, పానగల్ పార్కు, పాండీ బజార్ అన్నీ కాలినడకనే అయిపోతాయి. మన పిల్లలకి ఇవి అంగళ్ల గుర్తులు, బస్ స్టాపుల పేర్లు, అంతే. ఆ పేర్ల వెనక ఉన్న మనుషులు చాలామటుకు ఒకే పార్టీవాళ్లు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు అని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు ఇక్కడ ఊరే లేదు, చెరువు ఉండేది. నుంగంబాకం నుంచి మాంబళం వైపు సాగిన ఆ పొడుగాటి చెరువుని దొరలు లాంగ్ ట్యాంక్ అన్నారు. 1920ల్లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం దాన్ని ఎండగట్టి, ప్లాట్లు వేసి, కొత్త పేట కట్టించింది. పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్ అని ఇప్పటికీ ఉంది. చూద్దామంటే లేకే లేదు. 2021 నవంబర్ వానలకి టీ నగర్ వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు, చెరువు తన చోటు మరిచిపోలేదు అనిపించింది.

టీ నగర్‌లో 'టీ' అంటే త్యాగరాయ. పిట్టి త్యాగరాయ శెట్టి, మదరాసు తెలుగువాడు, నేత వ్యాపారం చేసిన ఇల్లు. 1916లో జస్టిస్ పార్టీ పెట్టిన ముగ్గురిలో ఒకరు. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచాక ముఖ్యమంత్రి పదవి వస్తే వద్దన్నాడు. మదరాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండి, థౌజండ్ లైట్స్ దగ్గర కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. 1925లో పోయాడు.

మిగతా ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. వెంకటనారాయణ రోడ్డు మీద నటేశన్ పార్కు తమిళుడైన డాక్టర్ నటేశ మొదలియార్ పేరు. వాణీ మహల్ పక్కన డాక్టర్ నాయర్ రోడ్డు మలయాళీ అయిన టి.ఎం. నాయర్ పేరు. ఉస్మాన్ రోడ్డు పేరుగల మహమ్మద్ ఉస్మాన్ కూడా ఆ పార్టీవాడే, 1934లో కొన్ని నెలలు మదరాసుకి తాత్కాలిక గవర్నర్. పాండీ బజార్ పేరు కూడా అదే పార్టీ నాయకుడు సౌందరపాండియన్ నాడార్‌ది అంటారు. బోర్డు మీద సౌందరపాండియనార్ అంగాడి అనే ఉంటుంది. మనం అంగడి అంటాం, వాళ్లు అంగాడి అంటారు.

చీరల పని అయ్యాక కాళ్లు లాగితే కూర్చునేది పానగల్ పార్కులో. పానగల్ రాజా అంటే పానుగంటి రామరాయణింగారు, 1866లో కాళహస్తిలో పుట్టి, మదరాసులో చదువుకున్నవాడు. 1921 నుంచి 1926 దాకా మదరాసు ముఖ్యమంత్రి. దేవాలయాల ఆస్తుల మీద అజమాయిషీకి బోర్డు పెట్టిన చట్టం ఆయన హయాములో వచ్చింది. కీల్పాక్‌లో దేశీయ వైద్య పాఠశాల, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా అప్పుడే. ఆయన విగ్రహం పార్కులోనే ఉంది. మెట్రో పనులకి పార్కులో కొంత చోటు పోయింది, స్టేషన్‌కి మాత్రం ఆయన పేరే.

చిత్తూరు నాగయ్య విగ్రహం కూడా ఈ పార్కులో పెట్టారు. తెరమీద త్యాగయ్యగా, పోతనగా, వేమనగా మన అవ్వాతాతలు చూసిన మనిషి. జి.ఎన్. చెట్టి రోడ్డు మీద వాణీ మహల్ సభ మొదలవడానికి ఆయనే కారణం. జి.ఎన్. అంటే గోపతి నారాయణస్వామి.

కొన్ని బోర్డుల మీద చెట్టి, నాయర్ అన్న మాటలు ఇప్పుడు కనపడవు. కులం పేర్లు వీధుల్లోంచి తీసేయాలని 1970ల చివర్లో తమిళనాడు ప్రభుత్వం అనుకుంది. ఉద్దేశం మంచిదే. కానీ పేరులో సగం పోయి, మిగిలిన సగం పొడి అక్షరాలైతే, అది ఎవరో అడిగేవాళ్లు కూడా ఉండరు.

ఈ పేట తెలుగువాళ్లు ఒక్కరే కట్టింది కాదు. తమిళులు, మలయాళీలు, ముస్లిములు, మనవాళ్లు కలిసి చేసిన పని. మనం ఈ ఊరికి అద్దెకొచ్చినవాళ్లం కామని చెప్పాలంటే పెద్ద వాదన అక్కర్లేదు, పిల్లల్ని పట్టుకుని ఈ దారిన ఒక్కసారి నడిస్తే చాలు. ఈసారి పనులకి పోయినప్పుడు వాళ్లకి పొడి అక్షరాలు కాకుండా పేర్లు పూర్తిగా చెప్పండి: త్యాగరాయ, రామరాయణింగారు, నటేశ మొదలియార్, నాయర్, ఉస్మాన్, నారాయణస్వామి. అరగంట పార్కులో కూర్చుంటే అన్నీ చెప్పేయొచ్చు.