తల్లిప్రేమ - రసాయనశాస్త్రం

తల్లిప్రేమ ప్రకృతిసిద్ధమా, సంఘం నేర్పినదా అన్న చర్చ మన సభల్లో తరచు వస్తూంటుంది. ప్రకృతి పేరెత్తగానే ఒక పక్షం వారు చేతులు జోడిస్తారు, రెండో పక్షం వారు చెవులు మూసుకుంటారు. ఈ రెండూ నాకు సమ్మతం కావు. ఆ ప్రశ్న ప్రయోగశాలలో ఏ దారిన నడిచిందో, ఆ దారిలో ఎవరెవరు దాన్ని తమ అవసరానికి వాడుకున్నారో చూడడమే ఈ వ్యాసంలో నా పని.

1906లో హెన్రీ డేల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి తీసిన సారం చూలు పిల్లి గర్భాశయాన్ని ముడుచుకునేటట్లు చేస్తుందని గమనించాడు. 1910లో ఆట్, స్కాట్ అనే ఇద్దరు అమెరికనులు అదే సారం మేకల్లో పాలను దింపుతుందని చూపారు. పాడి తెలిసిన మన ఆడవాళ్లకు ఈ సంగతి మరొక రూపంలో ఎప్పటినుంచో తెలుసు. దూడను వదలనిదే గేదె చేపదు. దూడ చస్తే, దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు పిండుకునేవారు. పాలు పొదుగులోనే ఉన్నా, వాటిని దింపే ఆజ్ఞ మెదడు నుంచి రావాలి. ఆ ఆజ్ఞను మోసుకొచ్చే పదార్థమే ఆక్సిటోసిన్. తొమ్మిది ఎమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసును 1953లో విన్సెంట్ డు విగ్నో కృత్రిమంగా తయారుచేశాడు. 1955లో నోబెల్ బహుమతి పొందాడు. దానికి తోబుట్టువు వంటి వాసోప్రెసిన్‌లో తేడా రెండు ఆమ్లాలే. అప్పటికి ఇది కాన్పు మందు మాత్రమే. మమకారంతో దీనికి సంబంధం ఉంటుందని చాలాకాలం ఎవరూ తలచలేదు.

తలచకపోవడానికి కారణం ఉంది. ఆనాటి మనస్తత్వశాస్త్రం మమకారాన్ని లెక్కలోకే తీసుకోలేదు. 1928లో జాన్ వాట్సన్ పిల్లల పెంపకంపై పుస్తకం రాసి, బిడ్డను ముద్దాడవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున లేవగానే కరచాలనం చేస్తే చాలునన్నాడు. అప్పటికే ఆయన విశ్వవిద్యాలయం వదిలి వ్యాపార ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. బిడ్డను గుమాస్తాలాగా పెంచమన్న సలహా అలాంటి చోటనుంచి రావడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదిక బండిని అవతలి వైపుకు లాగింది. యుద్ధానంతరం ఇల్లూ వాకిలీ లేక సంస్థల్లో పెరుగుతున్న పిల్లలను గురించి రాసిన నివేదిక అది. ఆప్యాయత లేని చోట బిడ్డ దెబ్బతింటాడని చెప్పింది. అంతవరకు మంచిదే. కాని అనాథాలయాన్ని గురించి చెప్పిన మాటను పగటిపూట నడిచే శిశుశాలకూ, ఉద్యోగానికి వెళ్లే ప్రతి తల్లికీ అంటగట్టారు. ఫ్యాక్టరీలకు ఆడవాళ్లు అవసరమైన రోజుల్లో బ్రిటన్‌లో తెరిచిన శిశుశాలలు యుద్ధం ముగియగానే అనేకం మూతపడ్డాయి. నివేదిక రాకముందే మొదలైన పని అది. శాస్త్రం పేరిట సమర్థన తర్వాత దొరికింది. 1962లో అదే సంస్థ ఈ విషయాన్ని పునఃపరిశీలిస్తూ మరొక సంపుటం ప్రచురించవలసివచ్చింది.

1958లో హారీ హార్లో ప్రయోగం పాతవాదానికి గట్టి దెబ్బ. తల్లినుంచి వేరుచేసిన కోతిపిల్ల పాలిచ్చే తీగబొమ్మను వదిలి, పాలులేని గుడ్డబొమ్మను కరచుకుని గడిపింది. తిండి పెట్టినందుకే ప్రేమ పుడుతుందన్న లెక్క తప్పింది. ఆ కోతిపిల్లలు పడ్డ బాధ కూడా మనం మరువరాదు.

రసాయనం ఈ కథలోకి వచ్చింది 1979లో. పెడర్సన్, ప్రాంజ్ అనే ఇద్దరు, ఈనని ఆడ ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కించగా, అవి పరాయి పిల్లలను చేరదీశాయి. తర్వాత ఇల్లినాయ్ గడ్డిభూముల్లో లొవెల్ గెట్జ్ బోనుల్లో అవే జంటలు మళ్లీ మళ్లీ కలిసి పడుతున్న ప్రెయిరీ వోల్ అనే చిట్టెలుకలు శాస్త్రజ్ఞులను ఆకర్షించాయి. ఇవి జతకట్టి, ఆడామగా కలిసి పిల్లలను పెంచుతాయి. కొండల్లో ఉండే వీటి దాయాదులు ఒంటరివి. తేడా ఎక్కడ? ఆ హార్మోను రెండింటిలోనూ ఉంది. దాన్ని అందుకునే గ్రాహకాలు మెదడులో ఏ చోట ఉన్నాయన్నదే తేడా అని 1992లో ఇన్సెల్, షాపిరో చూపారు. జతకట్టే జాతిలో అవి డోపమైన్ పనిచేసే చోట, అంటే ఒకసారి పొందిన సుఖాన్ని మళ్లీ కోరుకునేట్లు చేసే చోట, దట్టంగా ఉన్నాయి. తోడు వాసన, స్పర్శ అక్కడే సుఖంతో ముడిపడతాయి. 2004లో వాసోప్రెసిన్ గ్రాహకపు జన్యువు ఒక్కదాన్ని తిరుగుబోతు జాతి మగవాటి మెదడులో చేర్చితే, అవి తోడును అంటిపెట్టుకున్నాయి.

ఇక వ్యాపారం ఊరుకుంటుందా! 2005లో జ్యూరిచ్‌లో ఆక్సిటోసిన్‌ను ముక్కులో పిచికారీ చేస్తే మనుషులు అపరిచితుణ్ణి నమ్మి డబ్బు అప్పగిస్తారని ప్రకటించారు. "ప్రేమ హార్మోను" అని పత్రికలు ఎత్తుకున్నాయి. సీసాలు అమ్మకానికి వచ్చాయి. 2020లో ఆ ప్రయోగాన్ని పెద్ద ఎత్తున తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. ఈలోగా ఆమ్‌స్టర్‌డామ్‌లో డె డ్రూ బృందం ఇంకొక సంగతి చెప్పింది: ఆ హార్మోను పెంచే ఆదరణ తనవారి మీదే తప్ప అందరి మీదా కాదట. ఈ ఫలితాన్నీ నేను తక్కెడలో వేసే తీసుకుంటాను. కాని స్వజన పక్షపాతాన్ని కూడా ప్రేమ అనే పిలుస్తారన్నది మనకు కొత్త సంగతి కాదు.

2023లో కాలిఫోర్నియాలో మరొక చిక్కు పుట్టింది. ఆక్సిటోసిన్ గ్రాహకాన్నే జన్యువులోంచి తీసేసిన ప్రెయిరీ వోల్‌లు యథాప్రకారం జతకట్టాయి, పిల్లలను సాకాయి. ముప్పై ఏళ్ల సిద్ధాంతం కూలిందని కాదు. అనుబంధం ఒకే తీగ మీద వేలాడే దీపం కాదని తేలింది. మనుషుల సంగతి చెప్పాలంటే, 2010లో ఇజ్రాయెల్‌లో తొలి బిడ్డ పుట్టిన దంపతులను పరీక్షిస్తే, తల్లి రక్తంలో ఉన్నంత ఆక్సిటోసిన్ తండ్రి రక్తంలోనూ ఉంది. ఇద్దరిలోనూ ఆరునెలల్లో పెరిగింది. కాన్పు, చనుబాలు లేని తండ్రికి కూడా! పెంపకం ఆడదాని నెత్తుటిలోనే రాసిపెట్టి ఉందనే పెద్దలు దీనికేమంటారో వినాలని ఉంది.

కాన్పు మందుగా దాని పాతపని మాత్రం ఆగలేదు. ప్రసవానంతర రక్తస్రావం నుంచి తల్లులను కాపాడే మొదటి మందు నేటికీ అదే. పాలవ్యాపారులు గేదెలకు దాన్ని దొంగచాటుగా పొడుస్తున్నారన్న కారణంతో 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలను దాని తయారీనుంచి నిషేధించి, ఒక్క ప్రభుత్వ సంస్థకే అప్పగించజూసింది. కాన్పు గదుల్లో మందు కరువైతే ఏంగతి అని వైద్యులు ఆందోళన చెందారు. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.