భివండి ఎగువ అడవి: కాపాడిన చేతులెవరివి?

భివండి అనగానే సాంచాల చప్పుడు గుర్తొస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో చేతిమగ్గం తిండి పెట్టని రోజుల్లో వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడ పద్మనగర్ అనే పేటనే కట్టుకున్నారు. ఆ ఊరికి వాయవ్యాన తుంగారేశ్వర్, ఈశాన్యాన తాన్సా అభయారణ్యాలు ఉన్నాయన్న సంగతి మాత్రం మన సాహిత్యంలోకి గానీ, వలస కథల్లోకి గానీ పెద్దగా రాలేదు. ముంబై మహానగరం అంచున, మరమగ్గాల గోదాముల పక్కన, అంత అడవి ఎలా మిగిలింది? మనిషి చెయ్యి పడలేదు కాబట్టి మిగిలిందని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే అందుకు భిన్నంగా ఉంది. నూట యాభై ఏళ్లుగా ఆ నేల మీద పడని చెయ్యి లేదు. ఒక చేతిని ప్రభుత్వం సంరక్షణగా రాసుకుంది, మరో చేతిని నేరంగా రాసుకుంది. ఆ రాతలో జరిగిన తప్పును దిద్దకుండా అడవిని తిరిగి పెంచడం కుదరదని నా వాదన.

మొదటి చెయ్యి నీళ్ల కోసం వచ్చింది. బొంబాయి దాహం తీర్చడానికి 1860లో విహార్, 1879లో తుల్సీ చెరువులు వచ్చాయి. అవి చాలక ఠాణే జిల్లా షాహాపూర్ ప్రాంతంలో తాన్సా నది మీద రాతి ఆనకట్ట కట్టి 1892లో నీళ్లు వదిలారు. ఆ నీటిని మోసుకెళ్లే పెద్ద పైపులు భివండి తాలూకా మీదుగానే బొంబాయికి పోతాయి. చెరువులో మట్టి మేట వెయ్యకూడదు, నీరు చెడకూడదు. అందుకోసం చుట్టూ ఉన్న పరీవాహక ప్రాంతపు అడవిని కాపాడుకోవడం నగరానికి అవసరమైంది. తర్వాత జరిగినదాన్ని గమనించండి. విహార్, తుల్సీల చుట్టూ కాచిన అడవే నేటి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో భాగమైంది. తాన్సా చుట్టూ ఉన్న అడవి 1970లో అభయారణ్యమైంది. ఈ రెంటినీ కలిపే దారిలా ఉన్న తుంగారేశ్వర్ 2003లో అభయారణ్యాల జాబితాలో చేరింది. చిరుతపులి మీది ప్రేమ కంటే చాలా ముందే కుళాయి మీది శ్రద్ధ ఈ అడవులకు కంచె కట్టింది. ఆ శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదు, దాని మేలు ఈనాటికీ లక్షల ఇళ్లలో నీళ్లుగా పారుతోంది.

రెండో చెయ్యి అక్కడి ఆదివాసీలైన వార్లీలది, ఠాకూర్లది, కాత్కరీలది, మహాదేవ కోలీలది, వాళ్లతో పాటు చిన్న కుణబీ రైతులది. వాళ్ల సేద్యంలో ‘రాబ్’ అనే పద్ధతి ఉంది. మన పోడు లాంటిదేనని తెలుగు పాఠకుడికి తోచవచ్చు కానీ కాదు. పోడులో అడవిని నరికి కాల్చి, కొన్నేళ్లకు చోటు మారతారు. రాబ్‌లో పొలం మారదు, చెట్టు చావదు. ఎండాకాలంలో నల్లమద్ది వంటి చెట్ల కొమ్మలు కొట్టి, పేడ, ఆకు, గడ్డితో కలిపి వరి నారుమడి మీద పొరలుగా పరిచి, పైన మట్టి చల్లి కాలుస్తారు. తొలకరి పడేసరికి ఆ బూడిదలో విత్తనం పడుతుంది. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురిసే చోట నేల సారం కొట్టుకుపోతుంది, కలుపు ముంచుకొస్తుంది. కాల్చిన మడిలో కలుపు గింజ చచ్చి నారు త్వరగా లేస్తుంది. 1878 అటవీ చట్టం వచ్చాక అటవీ శాఖ ఈ కొమ్మ కొట్టడాన్ని అడవికి పట్టిన చీడగా చూసింది. రిజర్వు అడవి హద్దులు రాళ్లు పాతుకుంటూ పల్లె గుమ్మాల దాకా వచ్చాయి. రైతుల ఫిర్యాదులు ఎంత ముదిరాయంటే 1885లో ప్రభుత్వం బొంబాయి ఫారెస్ట్ కమిషన్ వేయాల్సి వచ్చింది. 1887లో దాని నివేదిక వెలువడింది. రాబ్ హక్కును పూర్తిగా తుడిచెయ్యడం ఆ తర్వాత కూడా ప్రభుత్వానికి సాధ్యం కాలేదు, ఎందుకంటే అది లేకపోతే వరి లేదు, వరి లేకపోతే శిస్తు లేదు. ఏ చెట్టుకు ఏ కొమ్మ, ఎన్నేళ్లకు ఒకసారి, ఎంత ఎత్తు వరకు అన్న లెక్క తెలిసిన రైతు ఆ చెట్టు మళ్లీ చిగిర్చేలా చూసుకుంటాడు. వచ్చే ఏడు నారు పోసుకోవాల్సింది ఆ చిగురుతోనే. భూమి నిర్వహణ అంటే ఇదే. కాగితం మీద దానికి ఆ పేరు దక్కలేదు, అంతే.

గొడ్డలి అడవిని తిననే లేదా అని అడుగుతారు. తిన్నది. కొమ్మలు అతిగా కొట్టిన చోట చెట్లు మొద్దులుగా మిగిలాయి, మేత ఎక్కువైన వాలుల్లో మట్టి కొట్టుకుపోయింది. అది కాదనను. అయితే ఎవరి గొడ్డలి ఎంత తిన్నదో కూడా లెక్క వెయ్యాలి కదా. 1853లో బొంబాయి నుంచి ఠాణేకు పరిగెత్తిన రైలు, ఆ తర్వాత ఘాట్‌ల మీదకు సాగేకొద్దీ, పట్టాల కింది దుంగలు ఎక్కడ నుంచి వచ్చాయి? నగరం పొయ్యిల్లోకి కట్టెలూ బొగ్గులూ ఎక్కడ నుంచి పోయాయి? కూపులు, అంటే నరకడానికి వేలం వేసిన అడవి ముక్కలు, పాడుకున్న కాంట్రాక్టర్ల కింద కొట్టిన చెయ్యి ఆదివాసీదే గానీ, పోయింది అతని పొయ్యిలోకి కాదు. 1945లో మొదలైన వార్లీల తిరుగుబాటులో వెట్టితో పాటు ఆ కూపుల కూలి కూడా పెద్ద ప్రశ్నే. మన వలస ఊరికీ ఇందులో వాటా ఉంది. 1982 బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత భివండిలో సాంచాలు మరింత పెరిగాయి. పడుగుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానాల్లో ఆవిరి కావాలి, ఆ బాయిలర్లు కట్టెలతో, బొగ్గుతో నడిచాయి. నేత కార్మికుడిని ఇందుకు తప్పు పట్టను. గజం లెక్కన కూలి దొరికేవాడు బాయిలర్లో ఏది కాలాలో నిర్ణయించడు. కానీ బట్ట ధరలో ఆ కట్టె వెనుక ఉన్న అడవి విలువ ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు పునరుద్ధరణ అనగానే కంచె వేసి, గుంతలు తవ్వి, మొక్కలు నాటి, ఎన్ని నాటామో లెక్క చెప్పడం ఆనవాయితీ. తాన్సా అడవే దీనికి ఒక జవాబిచ్చింది. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను 1873లో ఏ.ఓ. హ్యూమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1884 తర్వాత అది ఎవరికీ కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1997లో మహారాష్ట్ర ఉత్తరాన షహాదా దగ్గర మళ్లీ దొరికింది. 2014లో తాన్సా అభయారణ్యంలో కనిపించేసరికి పక్షిశాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారు, పడమటి కనుమల వైపు అది ఉంటుందని ఎవరూ ఊహించలేదు మరి. ఈ పిట్ట పగలు వేటాడుతుంది. బల్లులూ ఎలుకలూ కనబడే తెరిపి నేల కావాలి, గూటికి తొర్రలున్న ముసలి చెట్లు కావాలి. సందు లేకుండా మొక్కలు నింపిన తోట దీనికి ఇల్లు కాదు. పాత చెట్లు, తెరిపి గడ్డినేల, వేళ్ల నుంచి మళ్లీ లేచే టేకు పిలకలు కలగలిసిన అడవే దాని ఇల్లు. అలాంటి కలగలుపు నేల కొమ్మ కొట్టిన, గడ్డి కోసిన, నిప్పును అదుపులో పెట్టిన చేతుల మధ్యే మిగిలింది. రాబ్ వల్లే ఔలెట్ బతికిందని తేల్చి చెప్పలేను, అలా చెప్పాలంటే ఇంకా చాలా కొలవాలి. మనుషులు వాడిన అడవిలో అది బతకగలిగిందన్నది మాత్రం కళ్లెదుటి సంగతి.

జనం పెరిగారు, పాత పద్ధతులు ఇప్పుడు మోయలేం, కాబట్టి పూర్తిగా మూసెయ్యడమే మేలన్నది ఇంకో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ఎవరికి తోచినంత వారు కొట్టుకుంటే ఇప్పుడు చెట్టు మిగలదు. అయితే మూసెయ్యడానికి అయ్యే కాపలా ఖర్చూ, కాపలా లేని రాత్రి జరిగే నరుకుడూ కూడా లెక్కలోకి రావాలి. అడవి సంరక్షణలో పల్లెలను భాగస్వాములను చేయమన్న 1990 కేంద్ర ఉత్తర్వు తర్వాత మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. వాటిలో బలం ఎక్కువగా అటవీ అధికారి చేతిలోనే ఉండిపోయింది, నిధులు ఆగిన చోట సమితి కాగితానికే మిగిలింది. పని అప్పగించి హక్కు అప్పగించకపోతే ఇలాగే అవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ వరసను తిరగేసింది. అడవిని కాపాడే, మళ్లీ పెంచే, నిర్వహించే హక్కును గ్రామసభకే ఇచ్చింది. 2009లో గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామం ఈ సామూహిక హక్కు పొంది, 2011లో తన వెదురును తానే అమ్ముకునే రవాణా పాసులు కూడా చేతపట్టింది. అభయారణ్యాలు దీనికి మినహాయింపు అని చాలామంది అనుకుంటారు. చట్టంలోని అటవీ భూమి నిర్వచనం అభయారణ్యాలనూ జాతీయ ఉద్యానాలనూ పేరుపెట్టి కలుపుకుంది. కాబట్టి తాన్సా ఒడ్డు గ్రామసభలు ఏ వాలులో ఎంత తెరిపి ఉంచాలో, ఏ చెట్టును ముసలిదయ్యే దాకా వదలాలో తేల్చే పత్రాల మీద సంతకం చేయడానికి కొత్త చట్టమేదీ రానక్కర్లేదు.